బియ్యము అమ్మి, పప్పు కొననేల?

బియ్యపు ఎగుమతిలో మన దేశమే ప్రపంచమున మొదటిది. అయినను ఇంటి వెచ్చాల ఖర్చు పెరుగుచున్నదేల? మనము తినునది అన్నమొక్కటే కాదు. వంటనూనెలో సగమునకు పైగా దిగుమతియే. పామాయిలు ఇండోనేషియా, మలేషియాల నుండి, కందులు మయన్మార్, మొజాంబిక్‌ల నుండి వచ్చుచున్నవి. అక్కడ సరుకు తగ్గినచో ఇక్కడ ధర పెరుగును. 2023 జూలైలో ప్రభుత్వము బాస్మతి కాని తెల్లబియ్యపు ఎగుమతిని నిషేధించి, 2024 సెప్టెంబరులో ఆ నిషేధమును తొలగించెను. అట్టి నిషేధము పప్పు, నూనెల ధరను తగ్గింపజాలదు.

అంగడి ధర మీ చేతిలో లేదు. పప్పు పంట ఉన్నది. కోస్తా మాగాణులలో వరి కోతకు 2, 3 రోజుల ముందు, నేలలో పదును ఉండగా మినుము గాని పెసర గాని చల్లవలెను. వానకాలములో గట్లపై కంది వేయవలెను. ఇంటికి ఏడాదికి చాలినంత పప్పు నిలువ ఉంచుకొని, మిగిలినది అమ్ముకొనవలెను.