18 నిమిషాల టవర్ ఆట.. బిజినెస్ స్టూడెంట్స్‌ను ఓడించిన చిన్నపిల్లలు.. ఎలాగో తెలుసా?

హైటెక్ సిటీ దగ్గర రాయదుర్గంలో టీ-హబ్ పక్కనే టీ-వర్క్స్ ఉంది. 2023 మార్చి 2న ప్రారంభమైన ఈ కేంద్రం విస్తీర్ణం దాదాపు 78 వేల చదరపు అడుగులు. 3డీ ప్రింటర్లు, లేజర్ కటింగ్ మెషిన్లు, చెక్క పని, సర్క్యూట్ బోర్డుల తయారీ.. అన్నీ ఒక్కచోటే. ఐడియా ఉన్నవాళ్లు ముందు చిన్న నమూనా చేసి, ఎక్కడ ఫెయిల్ అవుతుందో చూసి, సరిదిద్దుకుంటారు. మరి ఈ అలవాటు పిల్లలకు బడిలోనే వచ్చేదెలా?

ఆట ఏంటంటే..

డిజైనర్ పీటర్ స్కిల్‌మన్ రూపొందించిన మార్ష్‌మాలో ఛాలెంజ్ ఇందుకు మంచి ఉదాహరణ. నలుగురి టీమ్‌కు 20 స్పెగెటీ పుల్లలు, గజం టేప్, గజం దారం, ఒక మార్ష్‌మాలో మిఠాయి ఇస్తారు. 18 నిమిషాల్లో ఎత్తైన టవర్ కట్టి, మిఠాయిని కొసన నిలబెట్టాలి. టామ్ వుజెక్ 2010 టెడ్ ప్రసంగంలో చెప్పిన విషయం ఆసక్తికరం. ఇందులో బిజినెస్ స్కూల్ విద్యార్థుల కంటే కిండర్‌గార్టెన్ పిల్లలే ఎత్తైన టవర్లు కట్టారట!

తేడా ఎక్కడ?

పెద్దవాళ్లు లీడర్ ఎవరో తేల్చుకుని, ప్లాన్ గీసి, చివరి నిమిషంలో మిఠాయి పెడతారు. బరువుకు టవర్ కూలిపోతుంది. సరిదిద్దడానికి టైమ్ ఉండదు. పిల్లలు మాత్రం మొదటి నుంచే మిఠాయి పెట్టి చూస్తారు. పడితే మళ్లీ కడతారు.

ల్యాబ్ ఉంటే సరిపోదు

6 నుంచి 12వ తరగతి పిల్లల కోసం నీతి ఆయోగ్ అటల్ టింకరింగ్ ల్యాబ్‌లు నడిపిస్తోంది. ఐదేళ్లలో ప్రభుత్వ బడుల్లో మరో 50 వేల ల్యాబ్‌లు పెడతామని 2025-26 బడ్జెట్‌లో కేంద్రం ప్రకటించింది. అయితే సామాన్లు వచ్చినంత మాత్రాన పని అయిపోదు. టైమ్‌టేబుల్‌లో వాటికో పీరియడ్ ఉండాలి. పడిపోయిన టవర్‌కు మార్కులు కోసేస్తే, ఏ పిల్లాడూ రెండోసారి కొత్తగా ప్రయత్నించడు.

ఇంట్లోనూ ఆడొచ్చు

కొబ్బరి చీపురు పుల్లలు, దారం, టేప్, పైన పెట్టడానికి ఓ నిమ్మకాయ చాలు. టవర్ కూలితే "ఎవరు పడేశారు?" అని అడగొద్దు. "ఈసారి ఏం మారుద్దాం?" అని అడగండి. పిల్లలు కలిసి ఆలోచించడం అక్కడే మొదలవుతుంది.