చేతిలో రూ.5.45 కోట్లు మిగిలాయి, సీటు మాత్రం మిగల్లేదు

2025 డిసెంబరు 16న అబుధాబిలో ఐపీఎల్ మినీ వేలం ముగిసేసరికి సన్‌రైజర్స్ హైదరాబాద్ ఖాతాలో ఇంకా రూ.5.45 కోట్లు ఉన్నాయి. అదే వేలంలో కరీంనగర్ జిల్లా మూలాలున్న హైదరాబాద్ ఓపెనర్ పేరాల అమన్‌రావును రాజస్థాన్ రాయల్స్ రూ.30 లక్షల కనీస ధరకు తీసుకుంది. కరీంనగర్, మంచిర్యాల, ఆదిలాబాద్... ఎక్కడ నలుగురు సన్‌రైజర్స్ అభిమానులు కలిసినా వచ్చే ప్రశ్న ఇదే: అంత డబ్బు ఉండి కూడా మన పిల్లగాణ్ని ఎందుకు తీసుకోలేదు?

జవాబు డబ్బులో లేదు. ఒక జట్టులో గరిష్ఠంగా 25 మందే ఉండాలి, వాళ్లలో విదేశీయులు 8 మందికి మించకూడదు. వేలానికి ముందు సన్‌రైజర్స్ 15 మందిని అట్టిపెట్టుకుంది. ఖాళీలు పది. పదీ నింపేసింది. చివరి సీటు నిండాక చేతిలో ఎన్ని కోట్లున్నా ఇంకొకరిని కొనే వీల్లేదు. అందుకే ఆఫ్‌సీజన్‌లో ఎంత ఖర్చు పెట్టారన్నది ఒక లెక్క, సీట్లు ఎవరికి ఇచ్చారన్నది ఇంకో లెక్క. మన దగ్గర వాదనలన్నీ మొదటి లెక్క చుట్టూనే తిరుగుతాయి. తేల్చుకోవాల్సింది రెండోది.

ముందు డబ్బు సంగతి చూద్దాం. 2024 నవంబరులో జెడ్డాలో జరిగిన మెగా వేలానికి ఒక్కో జట్టుకు రూ.120 కోట్ల పర్సు (ఖర్చు పరిమితి) పెట్టారు. అంతర్జాతీయ క్రికెట్ ఆడినవాళ్లలో ఐదుగురిని అట్టిపెట్టుకుంటే వరుసగా 18, 14, 11, 18, 14 కోట్లు, అంటే మొత్తం రూ.75 కోట్లు కోత పడుతుంది. ఆ 75 కోట్లను ఐదుగురికీ ఎలా పంచాలన్నది జట్టు ఇష్టం. సన్‌రైజర్స్ దక్షిణాఫ్రికా బ్యాటర్ క్లాసెన్‌కు 23, కమిన్స్‌కు 18, అభిషేక్ శర్మకు 14, ట్రావిస్ హెడ్‌కు 14, నితీశ్ కుమార్ రెడ్డికి 6 కోట్లు ఇచ్చింది. కూడి చూడండి, సరిగ్గా 75. నితీశ్‌కు తగ్గిన చోటే క్లాసెన్‌కు పెరిగింది.

మిగిలిన 45 కోట్లలో ఇషాన్ కిషన్‌కు 11.25, షమీకి 10, హర్షల్ పటేల్‌కు 8 కోట్లు పోయాయి. వేలం ముగిసేసరికి మిగిలింది రూ.20 లక్షలే. 2025 సీజన్‌లో జట్టు 13 పాయింట్లతో ఆరో స్థానంలో ఆగిపోయింది. దాంతో షమీని రూ.10 కోట్లకు లక్నోకు ఇచ్చేశారు. రాహుల్ చాహర్, అభినవ్ మనోహర్, జంపా, సిమర్‌జీత్ తదితరులను వదిలేశారు. జట్ల పర్సు కూడా 125 కోట్లకు పెరిగింది. ఇవన్నీ కలిసి మినీ వేలానికి సన్‌రైజర్స్ చేతిలో రూ.25.50 కోట్లు ఉన్నాయి.

ఆ వేలానికి ముందు అభిమానుల మధ్య పెద్ద గొడవ క్లాసెన్ మీదే. 23 కోట్లు ఎక్కువ, వదిలేసి తక్కువకు మళ్లీ కొనుక్కోవాలన్నది ఒక వర్గం మాట. వినడానికి బాగానే ఉంటుంది, లెక్కలో నిలబడదు. అతణ్ని వదిలితే పర్సు రూ.48.50 కోట్లు అయ్యేది. కానీ కోల్‌కతా అదే వేలానికి రూ.64.30 కోట్లతో వచ్చింది. కామెరూన్ గ్రీన్ కోసం 25.20 కోట్ల దాకా వెళ్లింది. మినీ వేలంలో విదేశీ ఆటగాడి చేతికి అందేది గరిష్ఠంగా 18 కోట్లే, పైన పలికింది బోర్డు సంక్షేమ నిధికి పోతుంది. అంటే క్లాసెన్‌కు కనీసం 5 కోట్లు తగ్గేవి. సన్‌రైజర్స్‌కు మాత్రం ఒక్క రూపాయి తగ్గుతుందన్న హామీ లేదు, అసలు మనిషే చేజారే ప్రమాదం ఉంది. 2025 జూన్‌లో అంతర్జాతీయ క్రికెట్‌కు వీడ్కోలు చెప్పిన క్లాసెన్, అంతకుముందు నెలలోనే కోల్‌కతా మీద 39 బంతుల్లో 105 నాటౌట్ కొట్టాడు. అతణ్ని ఉంచుకోవడం సరైన నిర్ణయమే.

ఇక ఎవరి డబ్బుకు ఎంత ఆట వచ్చిందో 2025 సీజన్‌లో చూద్దాం. క్లాసెన్ 487 పరుగులు చేశాడు, ఒక్కో పరుగు సుమారు రూ.4.72 లక్షలు. అభిషేక్ 439 పరుగులకు ఒక్కోటి రూ.3.19 లక్షలు. ఇషాన్ కిషన్ 354 పరుగులకు రూ.3.18 లక్షలు, అందులో 106 మొదటి మ్యాచ్‌లోనే వచ్చాయి. బౌలింగ్‌లో తేడా ఇంకా ఘోరం. షమీ ఆరు వికెట్లు తీశాడు, ఒక్కోటి రూ.1.67 కోట్లు. హర్షల్ 16 వికెట్లకు ఒక్కోటి 50 లక్షలు. రూ.1.20 కోట్ల ఎషాన్ మలింగ ఏడు మ్యాచుల్లోనే 13 వికెట్లు తీశాడు, ఒక్కోటి తొమ్మిది లక్షల చిల్లర.

అన్నిటికంటే చౌక అనికేత్ వర్మ. రూ.30 లక్షలు, 236 పరుగులు, పరుగుకు పదమూడు వేల లోపే. అనికేత్ క్లాసెన్ కంటే గొప్ప బ్యాటర్ అని దీని అర్థం కాదు. అతని ఆట లోకానికి తెలియకముందే ధర ఖరారైంది. తెలిశాక ఎవరూ 30 లక్షలకు దొరకరు. ఐపీఎల్‌లో అసలు లాభం ఈ కింది వరుసలోనే ఉంది. ఆ లాభం స్కౌట్ కళ్ల మీద ఆధారపడుతుంది, యజమాని పర్సు మీద కాదు.

ఆటగాడి వైపు నుంచి కూడా ఆ 30 లక్షలను తక్కువగా చూడొద్దు. అది ఒక సీజన్ జీతం. 2025 నుంచి తుది జట్టులో దిగిన ప్రతి మ్యాచ్‌కూ విడిగా రూ.7.50 లక్షల ఫీజు ఇస్తున్నారు. నాలుగు మ్యాచులు ఆడితే జీతమంత వస్తుంది. లీగ్ దశలో 14 మ్యాచులూ ఆడితే ఫీజే రూ.1.05 కోట్లు. జీతంతో కలిపి రూ.1.35 కోట్లు.

ఇప్పుడు సీట్ల దగ్గరికి వద్దాం. ఆ పది ఖాళీల్లో సన్‌రైజర్స్ లివింగ్‌స్టన్‌కు 13 కోట్లు, జాక్ ఎడ్వర్డ్స్‌కు 3, సలిల్ అరోరాకు 1.50, శివం మావికి రూ.75 లక్షలు పెట్టింది. మిగతా ఆరు సీట్లూ రూ.30 లక్షల కుర్రాళ్లవే. వాళ్లలో ఒక్కరూ హైదరాబాద్ రంజీ జట్టు నుంచి రాలేదు. నాకు అసలు బాధ ఇక్కడే. లివింగ్‌స్టన్‌కు 13 కోట్లు ఎందుకని అడగను, అది ఆట అవసరం. ఈ ఆరింటిలో ఒక్కటైనా ఇక్కడి పిల్లలకు ఎందుకు దక్కలేదన్నదే నా ప్రశ్న.

ఇది కొత్త ఫిర్యాదు కాదు. 2021 వేలం తర్వాత జట్టులో హైదరాబాదీలు లేరని ఎమ్మెల్యే దానం నాగేందర్ బహిరంగంగానే నిరసన తెలిపారు. అంతకుముందు 2017లో హైదరాబాదీ బౌలర్ సిరాజ్‌ను రూ.2.60 కోట్లకు తీసుకున్నదీ, ఏడాదికే వదులుకున్నదీ సన్‌రైజర్సే. 2025కు గుజరాత్ అతనికి 12.25 కోట్లు పెట్టింది. మరో హైదరాబాదీ తిలక్ వర్మ 2022లో రూ.1.70 కోట్లకు ముంబయికి వెళ్లాడు, ఇప్పుడు అతని ధర 8 కోట్లు.

స్థానికులను తీసుకుంటే జట్టు బలహీనపడుతుందని వాదించేవాళ్లు నితీశ్ కుమార్ రెడ్డి లెక్క చూడాలి. ఈ విశాఖ కుర్రాణ్ని 2023 సీజన్‌కు రూ.20 లక్షలకు తెచ్చుకున్నారు. రెండేళ్లు తిరక్కుండానే అతని విలువ 6 కోట్లు, ముప్పై రెట్లు. తెలుగు నేల మీద వెతికినందుకు సన్‌రైజర్స్‌కు దక్కిన ఫలితం అది.

వేలం ముగిసిన మూడు వారాలకు, 2026 జనవరిలో, విజయ్ హజారే ట్రోఫీలో అమన్‌రావు 154 బంతుల్లో 200 నాటౌట్ కొట్టాడు. ఎదురుగా ఉన్నది బెంగాల్. ఆ బౌలర్లలో సన్‌రైజర్స్ పది కోట్లు పెట్టి, ఏడాదికే వదులుకున్న షమీ కూడా ఉన్నాడు.

ఉప్పల్ స్టేడియానికి కరీంనగర్ సుమారు 165 కిలోమీటర్లు, ఆదిలాబాద్ 300 పైమాటే. నారింజ జెర్సీ కొనడానికి ఈ దూరం ఇక్కడివాళ్లకు ఎప్పుడూ అడ్డు కాలేదు. ఆడి చూపించడానికి మాత్రం జిల్లా పిల్లలు ఊరు వదిలి నగరంలో గది అద్దెకు తీసుకోవాల్సి వస్తోంది. యాజమాన్యం చెన్నైది అయినంత మాత్రాన స్కౌట్లు కరీంనగర్ అంబేద్కర్ స్టేడియానికి, ఆదిలాబాద్ ఇందిరా ప్రియదర్శిని స్టేడియానికి రాకూడదని ఏమీ లేదు. ఏటా రెండు రోజులు ట్రయల్స్ పెడితే అయ్యే ఖర్చు, మిగిలిపోయిన ఆ 5.45 కోట్లలో ఏ మూలకూ రాదు. 2027 సీజన్ ముగిశాక మళ్లీ మెగా వేలం ఉంటుంది. హైదరాబాద్ క్రికెట్ సంఘం, సన్‌రైజర్స్ కలిసి ఆ లోపే ఈ పని మొదలుపెట్టాలి. అభిమానులు కూడా క్లాసెన్ 23 కోట్ల మీద వాదన పక్కనబెట్టి, ఈ 30 లక్షల సీట్ల గురించి గట్టిగా అడగాలి.