పుట్టినరోజు కానుకగా పాత కంప్యూటర్‌కు కొత్త ఊపిరి
అప్పు చేసి కొత్తది కొనక్కర్లేదు.. లోపమెక్కడో తెలిస్తే చాలు

కర్నూలు, కడప: ఇంటర్, ఇంజినీరింగ్ చదివే పిల్లలున్న ఇళ్లలో పుట్టినరోజు దగ్గర పడుతోందంటే కొత్త ల్యాప్‌టాప్ ప్రస్తావన వస్తుంది. ఉల్లికి ధర పలకక, వేరుశనగ దిగుబడి చేతికందక సతమతమయ్యే రైతు కుటుంబాలకు ఆ కోరిక తీర్చడమంటే చాలాసార్లు అప్పు చేయడమే. అలాగని కాదనలేని పరిస్థితి. నాటి ఎంసెట్, నేటి ఈఏపీసెట్ రాష్ట్రంలో 2017 నుంచి కంప్యూటర్‌పైనే జరుగుతోంది. జేఈఈ మెయిన్ అంతే. 2025 జూన్, జులై నెలల్లో 16,347 ఉపాధ్యాయ పోస్టులకు జరిగిన మెగా డీఎస్సీ కూడా అదే పద్ధతిలో నిర్వహించారు. తెరపై ప్రశ్న చదవడం, మౌస్‌తో జవాబు గుర్తించడం అలవాటు లేని గ్రామీణ విద్యార్థి పరీక్ష గదిలో విలువైన సమయం కోల్పోతాడు. ఇంట్లో మూలన పడిన పాత కంప్యూటర్‌ను బాగుచేసుకుంటే ఈ సాధనకు సరిపోతుంది. కొత్త యంత్రానికి బదులు పాతదానికి కావలసిన ఒక్క వస్తువును కానుకగా అడగడం మేలు.

ముందు లోపం తెలుసుకోవాలి

కంప్యూటర్ నెమ్మదించిందంటే అంతా పాడైందని కాదు. విండోస్ 10 లేదా 11 ఉన్న కంప్యూటర్‌లో కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు ఒకేసారి నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. అందులో పెర్‌ఫార్మెన్స్ విభాగాన్ని చూడాలి. రోజూ చేసే పనులు చేస్తున్నప్పుడు డిస్క్ వినియోగం తరచూ 100 శాతానికి చేరుతుంటే హార్డ్‌డిస్క్ వల్ల జాప్యం జరుగుతున్నట్లు అనుమానించాలి. మెమరీ దాదాపు నిండిపోతుంటే ర్యామ్ చాలడం లేదని అర్థం. ఈ పరీక్షకు పైసా ఖర్చు లేదు. ఇది చేయకుండా దుకాణానికి వెళితే అవసరం లేనిది కొనే ప్రమాదం ఉంది.

మొదటి కానుక ఎస్ఎస్‌డీ

పాత ల్యాప్‌టాప్‌లలోని హార్డ్‌డిస్క్ సాధారణంగా నిమిషానికి 5,400 సార్లు తిరుగుతుంది. తిరిగే పళ్లెంపై సమాచారాన్ని వెతికి తీయడానికి సమయం పడుతుంది. ఎస్ఎస్‌డీలో తిరిగే భాగాలుండవు. హార్డ్‌డిస్క్ సెకనుకు సుమారు 100 ఎంబీ చదివితే, సాటా రకం ఎస్ఎస్‌డీ 500 ఎంబీ వరకు చదవగలదు. తెరుచుకోవడానికి నిమిషాలు పట్టే కంప్యూటర్ సెకన్లలోనే సిద్ధమవుతుంది. చదువుకు 256 జీబీ చాలు. పదేళ్ల నాటి ల్యాప్‌టాప్‌లలో ఎక్కువ వాటికి 2.5 అంగుళాల సాటా రకం సరిపోతుంది. కొత్తవాటికి ఎం.2 రకం కావాలి. మోడల్ సంఖ్య రాసుకుని వెళ్లి అడగాలి. మార్చే ముందు ఫొటోలు, సర్టిఫికెట్ల ప్రతులు వేరేచోట భద్రపరచుకోవాలి. తీసేసిన హార్డ్‌డిస్క్ బాగుంటే యూఎస్‌బీ కేసులో అమర్చి సమాచారం దాచుకోవడానికి వాడుకోవచ్చు.

ర్యామ్.. ఆచితూచి

4 జీబీ ర్యామ్ ఉన్న కంప్యూటర్‌ను 8 జీబీకి పెంచితే వీడియో పాఠం, బ్రౌజర్, నోట్స్ ఒకేసారి తెరిచినా తడబడదు. అయితే డీడీఆర్3 ఉన్నచోట డీడీఆర్4 అమరదు. 32 బిట్ విండోస్ ఉంటే సాధారణంగా 4 జీబీకి మించి వాడుకోలేదు. ధరల విషయంలోనూ జాగ్రత్త అవసరం. కృత్రిమ మేధ డేటా కేంద్రాల గిరాకీ కారణంగా 2025 చివరి నుంచి ర్యామ్, ఎస్ఎస్‌డీ ధరలు ఎగబాకాయి. క్రూషియల్ పేరుతో సామాన్య వినియోగదారులకు సాగిస్తున్న వ్యాపారం నుంచి తప్పుకుంటున్నట్లు మైక్రాన్ సంస్థ 2025 డిసెంబరులో ప్రకటించింది. కాబట్టి ఏడాది కిందటి ధరను మనసులో పెట్టుకోకుండా రెండు మూడు దుకాణాల్లో విచారించాలి. రెండింటిలో ఒకటే కొనగలిగితే హార్డ్‌డిస్క్ ఉన్న యంత్రానికి ముందు ఎస్ఎస్‌డీకే ఓటు వేయాలి.

విండోస్ 10 సంగతి

విండోస్ 10కు సాధారణ మద్దతును మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబరు 14తో ముగించింది. విండోస్ 11కు టీపీఎం 2.0 భద్రతా వ్యవస్థ, 4 జీబీ ర్యామ్, 64 జీబీ నిల్వ ఉండాలి. ఇంటెల్ ప్రాసెసర్లలో సాధారణంగా 8వ తరం, ఆ తర్వాతివే ఇందుకు అర్హమైనవి. అంతకంటే పాత కంప్యూటర్‌ను పారేయనక్కర్లేదు. లినక్స్ మింట్ వంటి ఉచిత వ్యవస్థను వేసుకుంటే బ్రౌజింగ్, టైపింగ్, ప్రోగ్రామింగ్ సాధన సాగుతాయి. తెలుగు టైపింగ్‌కు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు అందులోనే లభిస్తుంది. సెకండ్‌హ్యాండ్ యంత్రం కొనేవారు కూడా ప్రాసెసర్ తరాన్ని అడిగి తెలుసుకోవాలి.

ఎండకు, దుమ్ముకు విరుగుడు

సీమ ఎండలు 40 డిగ్రీలు దాటుతాయి. బేతంచెర్ల, కొలిమిగుండ్ల, ఎర్రగుంట్ల వంటి నాపరాళ్లు, సిమెంటు పరిశ్రమల ప్రాంతాల్లో దుమ్ము బెడద అదనం. గాలి మార్గాలు మూసుకుపోతే ప్రాసెసర్ వేడెక్కి తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. ఏడాదికోసారి లోపలి దుమ్ము దులిపించి, అవసరమైతే థర్మల్ పేస్ట్ మార్పిస్తే కొత్త భాగాలు కొనే అవసరమే రాకపోవచ్చు. మంచంపై, దుప్పటిపై ల్యాప్‌టాప్ పెట్టి వాడకూడదు. చిన్న స్టాండ్ కూడా మంచి కానుకే. డెస్క్‌టాప్ ఉన్న ఇంటికి కరెంటు కోతల దృష్ట్యా 600 వీఏ యూపీఎస్ ఉపయోగపడుతుంది. కరెంటు పోయిన కొద్ది నిమిషాల్లో పని భద్రపరచుకుని ఆపేయవచ్చు.

తక్కువ ఖర్చులో..

* వైరున్న మౌస్, కీబోర్డు: ఆన్‌లైన్ పరీక్షల సాధనకు ఇవే ముఖ్యం. బ్యాటరీల ఖర్చుండదు.
* మైకు ఉన్న హెడ్‌ఫోన్: ఇరుకింట్లో పాఠాలు వినడానికి, ఇంటర్వ్యూలకు పనికొస్తుంది.
* యూఎస్‌బీ వైఫై డాంగిల్: సెల్‌ఫోన్ హాట్‌స్పాట్‌తో పాత డెస్క్‌టాప్‌కు ఇంటర్నెట్ అందుతుంది.
* పెన్‌డ్రైవ్: నమ్మశక్యం కాని తక్కువ ధరకు టెరాబైట్ ఇస్తామంటే అది నకిలీ అయ్యే అవకాశమే ఎక్కువ.

ట్యాబ్ ఉన్న ఇళ్లలో

ప్రభుత్వ పాఠశాలల ఎనిమిదో తరగతి విద్యార్థులకు ట్యాబ్‌ల పంపిణీని అప్పటి ముఖ్యమంత్రి, పులివెందుల ఎమ్మెల్యే వై.ఎస్.జగన్మోహన్‌రెడ్డి తన పుట్టినరోజైన 2022 డిసెంబరు 21న బాపట్ల జిల్లా యడ్లపల్లిలో ప్రారంభించారు. నాడు అందుకున్న పిల్లలు పదో తరగతి దాటారు. ఆ ట్యాబ్ పనిచేస్తుంటే బ్లూటూత్ కీబోర్డు, గట్టి కవరు కానుకగా తీసుకోవచ్చు. బ్యాటరీ ఉబ్బినట్లు కనిపిస్తే మాత్రం వెంటనే వాడకం ఆపేయాలి.

కొనేముందు..

పవర్‌బ్యాంకులు, అడాప్టర్లు, యూపీఎస్‌ల వంటివి బీఐఎస్ తప్పనిసరి నమోదు పరిధిలో ఉన్నాయి. వాటిపై ఉండే ఆర్ అక్షరంతో మొదలయ్యే సంఖ్యను బీఐఎస్ కేర్ యాప్‌లో సరిచూసుకోవచ్చు. బిల్లు, వారంటీ కార్డు తప్పక అడగాలి. మోసపోయినట్లు భావిస్తే జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం 1915కు ఫోన్ చేయవచ్చు. పిల్లలు కోరికకు ముందు టాస్క్ మేనేజర్ చూసి, ఏ భాగం కావాలో, ఎందుకు కావాలో కాగితంపై రాసి తల్లిదండ్రులకు ఇస్తే ఖర్చుపై స్పష్టత వస్తుంది. బంధువులు తలా కొంత వేసుకుని ఒకే వస్తువు కొనిచ్చినా కానుక సార్థకమవుతుంది.