చీమల బారుకు దారి ఎవరు చూపారు?

బెల్లం డబ్బా మూత రవ్వంత జరిగితే చాలు, తెల్లవారేసరికి చీమల బారు సిద్ధం! చీపురుతో ఊడ్చేస్తాం. సాయంత్రానికి మళ్ళీ అదే బారు, అదే దారి. ఇన్ని చీమలకు కబురు చెప్పినదెవరు?

మొదట వచ్చేది బారు కాదు, ఒకటి రెండు చీమలే. తిండి దొరికిన చీమ గూటికి తిరిగి వెళ్తూ, పొట్ట చివరను నేలకు తాకిస్తూ ఒక రసాయనాన్ని పూస్తుంది. మిగిలినవి మీసాలతో ఆ వాసన పట్టుకొని వస్తాయి. తిండి దొరికితే అవీ పూస్తాయి. 1959లో ఎడ్వర్డ్ విల్సన్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు నిప్పుచీమ పొట్టలోని ఒక చిన్న గ్రంథి రసంతో గీత గీశాడు. చీమలు బిలబిలమంటూ ఆ గీత వెంట నడిచాయి!

మీరూ పరీక్షించండి. చీమల దారిలో చిన్న కాగితం పెట్టి, అరగంటసేపు వాటిని దాని మీదుగా నడవనివ్వండి. తరువాత కాగితాన్ని పావు చుట్టు తిప్పండి. దాని అంచున చీమలు తికమకపడటం చూస్తారు.

మన కర్నూలు, కడప ప్రాంతంలో చీమలకు మంచి వసతి ఉంది. ఇళ్ళలో నాపబండలు పరుస్తారు గదా! బండల సందులు ఊడితే కిందిమట్టి వాటికి చల్లని ఇల్లు. ఎండ 40 డిగ్రీలు దాటితే తేమ కోసం నీళ్ళ కడవల దగ్గరకు చేరతాయి. వాననీరు గూట్లోకి దిగితే గుడ్లతో సహా ఇంట్లోకి తరలివస్తాయి.

కనబడిన చీమలను చంపితే బెడద ఎందుకు తీరదు? బయట తిరిగేవి కొన్ని పనిచీమలే. గుడ్లు పెట్టే రాణి గూట్లో భద్రంగా ఉంటుంది. 'ఫరో చీమ' అనే సన్నని పసుపురంగు చీమల గూట్లోనైతే చాలా రాణులుంటాయి. మందు చిమ్మితే ఆ గూడు చీలి, కొత్తచోట్ల మరికొన్ని గూళ్ళు వెలుస్తాయి!

ఒకప్పుడు ఇళ్ళలో గమాక్సిన్ పొడి చల్లేవారు. దానిలోని బి.హెచ్.సి. అనే విషం మట్టిలోను, మన ఒంటి కొవ్వులోను ఏళ్ళ తరబడి నిలిచిపోతుంది. అందుకే 1997లో మన దేశంలో దాన్ని నిషేధించారు.

మరి ఏంచేయాలి?

1. తీపిని, నూనె వస్తువులను బిగుతు మూతల డబ్బాల్లో ఉంచండి. అలమార కాళ్ళకింద నీళ్ళగిన్నెలు పెట్టండి.

2. బారు వచ్చిన దారినంతా సబ్బునీళ్ళతో తుడవండి. వాసన పోతే దారి పోయినట్లే.

3. బండల సందులను సిమెంటుతో పూడ్చండి.

4. అప్పటికీ పోకుంటే ఎర పెట్టించండి. 100 మిల్లీలీటర్ల నీటిలో 10 గ్రాముల చక్కెర, 1 గ్రాము బోరిక్ పొడి కలిపి, దూదిని తడిపి దారి పక్కన ఉంచాలి. చీమ దాన్ని తాగి, గూట్లో నోటినుంచి నోటికి పంచుతుంది. అలా అది రాణికీ చేరుతుంది. మందు ఎక్కువైతే మోసే చీమ దారిలోనే చస్తుంది; అందుకే తక్కువ మోతాదు. ఎర తినే చీమలను ఊడ్చకండి, వాటి దారినీ తుడవకండి. ఫలితానికి కొన్ని రోజులు పడుతుంది.

జాగ్రత్త! బోరిక్ పొడి పసిపిల్లలకు విషం. పెద్దలే కలపాలి, పిల్లలకు అందనిచోటే పెట్టాలి. సుద్దముక్కలా కనిపించే చీమల మందూ విషమే. చెల్లెలో తమ్ముడో దాన్ని బలపమనుకొని నోట పెట్టుకోవచ్చు.

పెరట్లోని చీమల జోలికి మాత్రం పోకండి. అవి మట్టిని గుల్లచేస్తాయి, చచ్చిన పురుగులను ఎత్తుకుపోయి శుభ్రం చేస్తాయి. మనం మూయవలసింది వంటింటి దారినే!