ఊరి జట్టు, ఉద్యోగ జట్టు: ఫుట్‌బాల్ వ్యవస్థలపై ఒక పరిశీలన

నార్వేలో ఊరి క్రీడాసంఘాన్ని ‘ఇద్రెత్స్‌లాగ్’ అంటారు. సభ్యత్వ రుసుముతోపాటు ‘దుగ్నాద్’ దానికి ఆధారం. సహాయం అనే అర్థంగల ప్రాచీన నార్స్ పదం నుంచి వచ్చిన ఈ మాట జీతంలేని ఉమ్మడి శ్రమను సూచిస్తుంది. తల్లిదండ్రులే శిక్షకులవుతారు, మైదానాన్ని శుభ్రం చేస్తారు.

తెలుగునేలపై ఫుట్‌బాల్ మరో దారిలో ఎదిగింది. సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆయన శిక్షణలోనే భారతజట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానాన్ని, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణాన్ని పొందింది. రహీం ఉపాధ్యాయుడు కూడా కావడం మనబోటివారికి ఆసక్తికరం. అయితే ఆ జట్టుకు ఆధారం ప్రభుత్వోద్యోగం. ఊరు ప్రేక్షకస్థానంలోనే మిగిలింది. నెల్లూరు తీరగ్రామాల్లో తిరునాళ్లకు ఇంటింటా చందా ఎత్తే ఊరుమ్మడి పద్ధతి నేటికీ ఉంది. అది ఆటస్థలం దాకా ఎందుకు రాలేదో పరిశోధించవలసి ఉంది.