లిమోన్‌లో అయిదు రోజులు

కోస్టారికా వెళ్తామనగానే ట్రావెల్ ఏజెంట్లు ముందు అగ్నిపర్వతాన్నీ, పసిఫిక్ తీరపు రిసార్టులనూ చూపిస్తారు. నికరాగువా సరిహద్దు నుంచి పనామా సరిహద్దు దాకా కరీబియన్ సముద్రాన్ని ఆనుకుని ఉన్న లిమోన్ ప్రావిన్స్ ఊసు చివర్లో వస్తుంది, అదీ అడిగితేనే. చేతిలో అయిదు రోజులే ఉంటే మిగతా దేశాన్ని మరోసారికి వాయిదా వేసుకుని నేరుగా లిమోనే వెళ్లమంటాను. అక్కడి అడవినీ సముద్రాన్నీ అక్కడి మనుషుల నుంచి విడదీసి చూడలేం.

ముందు నెల కుదుర్చుకోవాలి. దేశంలో చాలాచోట్ల వానలు దంచికొట్టే సెప్టెంబరు, అక్టోబరుల్లో ఈ తీరంలో మాత్రం తరచుగా ఎండ కాస్తుంది, సముద్రమూ కాస్త నెమ్మదిస్తుంది. టోర్టుగేరోలో పచ్చ తాబేళ్లు గుడ్లు పెట్టేది జులై నుంచి అక్టోబరు దాకా. రెండూ కలిసొచ్చే సెప్టెంబరుకే నా ఓటు. లిమోన్ కార్నివాల్ సందడి కూడా కావాలనుకుంటే అక్టోబరు.

మొదటి రెండు రోజులూ టోర్టుగేరోకి ఇవ్వండి. ఆ ఊరికి రోడ్డు లేదు. లా పవోనా రేవు నుంచి పడవెక్కి, అడవి మధ్య కాలువల్లో వెళ్లాలి. రాత్రి తీరానికి లైసెన్సున్న స్థానిక గైడుతోనే పోనిస్తారు. ముదురు రంగు బట్టలు వేసుకోవాలి, ఫోనూ కెమెరా తీయకూడదు. తల్లి తాబేలు వెనక రెక్కలతో ఇసుకను ఒక్కో దోసెడు చొప్పున తోడి, లోతుగా గుంత చేసి, అందులో వంద దాకా గుడ్లు పెడుతుంది. ఆ కాసేపూ గైడు ఎర్ర లైటు వెలుగులో చూపిస్తాడు. అయ్యాక తాబేలు ఇసుక కప్పి, పైన చదును చేసి, బరువుగా ఈడ్చుకుంటూ అలల్లోకి వెళ్లిపోతుంది. ఒకప్పుడు ఈ తాబేళ్ల మాంసమూ గుడ్లూ ఊరి బతుకుతెరువు. 1950లలో జీవశాస్త్రవేత్త ఆర్చీ కార్ ఇక్కడికొచ్చి పరిశోధన మొదలుపెట్టారు. ఇప్పుడు తాబేళ్లను చంపడం కాదు, వచ్చినవాళ్లకు చూపించడమే ఊరికి పని.

అక్కణ్నుంచి మోయిన్ రేవు మీదుగా దక్షిణానికి, కవీటాకు రండి. మిగతా మూడు రోజులూ మకాం ఇక్కడే. దారిలో లిమోన్ నగరంలో ఒక పూట ఆగడం అవసరం, ఎందుకంటే ఈ తీరం కథ అక్కడే మొదలైంది. కాఫీని సముద్రానికి చేర్చే రైలు మార్గం పనులు 1871లో మొదలయ్యాయి. జ్వరాలతో వేలమంది చనిపోయిన ఆ పనికి జమైకా నుంచి నల్లజాతి కూలీలను తెచ్చారు. పట్టాల పక్కన నాటిన అరటి తోటలే తర్వాత యునైటెడ్ ఫ్రూట్ కంపెనీ సామ్రాజ్యమయ్యాయి. 1930లలో కంపెనీ పసిఫిక్ వైపు మళ్లినప్పుడు, అక్కడి తోటల్లో నల్లవాళ్లకు పని ఇవ్వకూడదని 1934లో చట్టమే చేశారు. ఇక్కడే పుట్టి పెరిగినవాళ్లలో చాలామందికి పౌరసత్వం 1949 దాకా రాలేదు.

ఆ జమైకా వారసత్వం భోజనంలో ఇంకా ఘుమఘుమలాడుతుంది. కవీటాలో ఆదివారం మధ్యాహ్నం రైస్ అండ్ బీన్స్ అడగండి. మన కొబ్బరిపాల అన్నానికి దగ్గర బంధువే. కొబ్బరిపాలల్లో బియ్యం, ఎర్ర చిక్కుడుగింజలు, థైమ్ ఆకు వేసి, పైన ఒక కారపు మిరపకాయను చిట్లకుండా పెడతారు. ఘాటు వాసన దిగుతుంది, కారం దిగదు. చేపలూ దుంపలూ కొబ్బరిపాలల్లో ఉడికించే రొండోన్ కావాలంటే ముందురోజే చెప్పాలి.

ఈ ఊరి పాట కలిప్సో. వాల్టర్ ఫెర్గ్యూసన్, ఊళ్లో అందరికీ గావిట్, ఇక్కడే ఉండి పాటలు కట్టారు. క్యాసెట్ల మీద తనే రికార్డు చేసి, వచ్చిన టూరిస్టులకు అమ్మేవారు. ఆ క్యాసెట్లు ప్రపంచమంతా చెల్లాచెదరయ్యాయి. తర్వాత అభిమానులు దేశదేశాల్లో వాటికోసం వెతికారు. 2023లో, నూట మూడేళ్ల వయసులో ఆయన కన్నుమూశారు.

కవీటా నేషనల్ పార్కు దగ్గర నాకు అన్నిటికన్నా నచ్చింది దాని గేటే. 1994లో ప్రభుత్వం విదేశీయులకు పార్కుల టిక్కెట్టు ఒక్కసారిగా పెంచేసింది. పర్యాటకులు రాకపోతే పూట గడవదని ఊరివాళ్లు వచ్చి గేటును తమ చేతుల్లోకి తీసుకున్నారు. ఆ గొడవ చివరికి ప్రభుత్వమూ ఊరూ కలిసి పార్కును నడిపే ఏర్పాటుకు దారితీసింది. ఊరివైపు గేటులో ఇప్పటికీ తోచినంత విరాళం ఇచ్చి లోపలికెళ్లొచ్చు. దయచేసి ధారాళంగా ఇవ్వండి. లోపల బాట మీద స్లోత్‌లు, కోతులు కనిపిస్తాయి. తిండి సంచి కింద పెడితే రకూన్లు ఎత్తుకుపోతాయి. పగడపు దిబ్బను గైడుతోనే చూడాలి. 1991 ఏప్రిల్ 22 నాటి భూకంపానికి లిమోన్ తీరం కొన్నిచోట్ల మీటరుకు పైగా పైకి లేచింది, అప్పట్లో చాలా పగడం చచ్చిపోయింది. మిగిలినదాన్ని చేత్తో తాకకండి.

నాలుగో రోజు తలమాంకా కొండల్లోని బ్రిబ్రి జనం దగ్గరికి. బాంబూ అనే చోట పడవెక్కితే నది మీదుగా యోర్కిన్ చేరతారు. బ్రిబ్రిల్లో వంశం తల్లి నుంచి వస్తుంది. కకావ్ (కోకో) గింజలు వేయించి, రాతి మీద నూరి పానీయం కలిపేది ఆడవాళ్లే. ఊరి మహిళల సంఘమే అతిథులను చూసుకుంటుంది. వీలైతే ఆ రాత్రి అక్కడే ఉండిపోండి.

అయిదో రోజు పువెర్తో వియేహోలో సైకిల్ అద్దెకు తీసుకుని, మాన్సనీయో దాకా పదమూడు కిలోమీటర్లు చెట్ల నీడన తొక్కండి. ఈదాలనుకుంటే ప్రవాహాల గురించి ముందు స్థానికులనే అడగండి. తిరుగు విమానం మాత్రం మర్నాటికి పెట్టుకోండి. సాన్ హోసే వెళ్లే 32వ నంబరు రోడ్డు కొండల మీదుగా సాగుతుంది, కొండచరియలు విరిగిపడితే గంటల తరబడి మూసేస్తారు.