మడమలు చూశారా?

అమెరికాలో ఉన్న కొడుకు వీడియో కాల్ చేస్తాడు. ఇక్కడ వృద్ధాశ్రమంలో ఆయా గబగబా అమ్మకు తల దువ్వి, బొట్టు పెట్టి, ఫోనుకు ఎదురుగా కూర్చోబెడుతుంది. "బానే ఉన్నాను నాన్నా" అంటుందామె. నిజంగానే బాగుండొచ్చు. కానీ ఫోన్లో కనిపించేది మొహమే. నిర్లక్ష్యం ముందుగా బయటపడేది మడమల మీద, నడుం కింద, తుంటి దగ్గర.

మంచం పట్టిన మనిషి గంటల తరబడి ఒకే పక్కన ఉండిపోతే, ఎముకకూ పరుపుకూ మధ్య నలిగిన చర్మానికి రక్తం అందదు. పడకపుండు కొన్ని గంటల్లోనే మొదలవుతుంది. ముదిరితే మానడానికి నెలలు పడుతుంది. అందుకే రెండు గంటలకోసారి పక్క మార్చమంటారు. కందినచోట వేలితో నొక్కి వదలండి. పాలిపోయి మళ్లీ రంగొస్తే ఫర్వాలేదు, ఎరుపు అలాగే ఉంటే లోపల దెబ్బతిన్నట్టే. మన ఒంటి రంగులో ఎరుపు తెలియకపోవచ్చు. అప్పుడు చేత్తో తాకి చూడాలి: చుట్టుపక్కల కన్నా వేడిగా, గట్టిగా, లేదా మెత్తబడినట్టు ఉందా? పిక్కల కింద దిండు పెట్టి మడమలు పరుపుకు తగలకుండా ఉంచారంటే, అక్కడ పని తెలిసినవాళ్లున్నారని నా నమ్మకం. గోడ మీది సర్టిఫికెట్ల కన్నా నేను ఆ దిండునే నమ్ముతాను.

తర్వాత చూడాల్సింది నీళ్లు. మంచం పక్కన గ్లాసు ఉండటం కాదు, చెయ్యి అందేంత దగ్గర ఉండాలి. తాగితే డైపర్ మార్చాల్సి వస్తుందని నీళ్లు తగ్గించే చోట్లూ లేకపోలేదు. నాలుక ఎండిపోవడం, మూత్రం ముదురు రంగులో రావడం, నిన్నటిదాకా బాగా మాట్లాడిన మనిషి ఉన్నట్టుండి తికమకపడటం... వీటిని "వయసైపోయింది కదా" అని కొట్టేయకూడదు. బరువు రిజిస్టరు అడగండి. 50 కిలోల మనిషి నెలలో రెండున్నర కిలోలు తగ్గితే డాక్టరుకు చూపించాల్సిందే. పగలంతా మగతగా ఉంటే ఏ మందులు ఇస్తున్నారో కూడా అడగాలి.

ఈ నిర్లక్ష్యం వెనుక క్రూరత్వం కన్నా మనుషుల కొరతే ఎక్కువ. మంచం పట్టినవాళ్లు 10 మంది ఉంటే, రాత్రి 10 గంటల్లో 50 సార్లు పక్క మార్చాలి. ఒక్కొక్కరిని తిప్పడానికి తరచూ ఇద్దరు కావాలి. ఉన్నది ఒక్క ఆయా అయితే? చేర్పించేటప్పుడు ఏసీ గదుల గురించి అడిగినంత శ్రద్ధగా రాత్రి డ్యూటీలో ఎందరుంటారో అడిగేవాళ్లు తక్కువ.

చెప్పకుండా వెళ్లండి, అదీ రాత్రి భోజనాల వేళకు. తినిపిస్తున్నారా, లేక కంచం పెట్టి వెళ్లి, కాసేపాగి తీసేస్తున్నారా అన్నది అక్కడే తెలుస్తుంది. ఆయా ఎదుట అడిగితే పెద్దవాళ్లు నోరు విప్పరు. మీరు వెళ్లిపోతారు, వాళ్లు అక్కడే ఉండాలి. విదేశాల్లో ఉన్నవాళ్లు ఊళ్లోని చుట్టాన్నో స్నేహితుణ్నో ఈ పనికి పురమాయించుకోవాలి.

అనుమానం వస్తే తేదీతో ఫొటో తీసి, నిర్వాహకులకు రాతపూర్వకంగా ఇవ్వండి. పుండు పడితే మాత్రం వాళ్ల జవాబు కోసం ఆగకుండా డాక్టరుకు చూపించండి. వృద్ధుల హెల్ప్‌లైన్ 14567కు ఉచితంగా ఫోన్ చేయొచ్చు. 2007 నాటి తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం ప్రకారం, సంరక్షణ బాధ్యత ఉన్నవాళ్లు వృద్ధుల్ని పూర్తిగా వదిలించుకునే ఉద్దేశంతో ఎక్కడైనా విడిచిపెడితే మూడు నెలల దాకా జైలు, 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. మంచం మీదే ఉంచి పట్టించుకోకపోవడం ఈ నేరం కిందికి రావడం కష్టం.